5,000 కిలోమీటర్లకోసారి వీల్ అలైన్‌మెంట్: తప్పనిసరా, అనవసర ఖర్చా?

నల్లగొండ_క్లాక్‌టవర్:
మా చిన్న హ్యాచ్‌బ్యాక్ ఎప్పుడు సర్వీసుకిచ్చినా బిల్లులో అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానం చేయడం) రెండూ కలిపి వేస్తున్నారు. అడిగితే "5,000 దాటింది కదా సార్, చేయాల్సిందే" అంటారు. బండి ఎటూ లాగడం లేదు. స్టీరింగ్ వణకడం లేదు. నేను ఎక్కువగా నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ పోయి వస్తాను, హైవే బాగానే ఉంటుంది. ఏ ఇబ్బందీ లేని బండికి కిలోమీటర్లు లెక్కపెట్టి చేయించడం అవసరమా? తేడా వచ్చినప్పుడు చేయిస్తే చాలదా?

పాలమూరు_ట్యాక్సీ:
చాలదు అన్నా. తేడా మన చేతికి తెలిసేసరికి టైరు సగం పోయి ఉంటుంది. నా బండి జడ్చర్ల, కల్వకుర్తి, అచ్చంపేట వైపు రోజూ తిరుగుతుంది. పెద్ద రోడ్డు మీద ఏమీ కాదు. ఊళ్లోకి తిరిగాక మొదలవుతుంది కథ: రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, కోసుకుపోయిన అంచులు. నాట్లప్పుడు ట్రాక్టర్లు ఇనుప దమ్ము చక్రాలతోనే తారు రోడ్డెక్కుతాయి, రోడ్డంతా గాట్లు పడుతుంది. వీటి మీద రోజూ తిరిగే బండికి 5,000 అంటే ఎక్కువేం కాదు. రెండు టైర్ల ధర ముందు అలైన్‌మెంట్ ఖర్చు ఎంత? నేనైతే వాయిదా వెయ్యను.

మిర్యాలగూడ_టైర్లపని:
నాది ఇదే పని కాబట్టి, ఎన్నిసార్లు చేయించుకుంటే నాకు అంత గిరాకీ. అయినా నా మాట ఇదే: కిలోమీటర్లు చూసి సెట్టింగ్ మార్చకూడదు. టైరును, అలైన్‌మెంట్ మెషీన్ ఇచ్చే కొలతల కాగితాన్ని, అంటే ప్రింట్‌ను చూసి మార్చాలి.

ముందు ఇందులో ఏముంటుందో చూడండి. మెషీన్ మూడు కోణాలు చూపిస్తుంది: టో, క్యాంబర్, క్యాస్టర్. పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికి తిరిగాయా, బయటికా అన్నది టో. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం పైభాగం లోపలికి వాలిందా, బయటికా అన్నది క్యాంబర్. క్యాస్టర్ స్టీరింగ్ తనంతట తాను నేరుగా రావడానికి సంబంధించింది, టైరు అరుగుదలలో దాని పాత్ర తక్కువ. మన చిన్న కార్లలో చాలావాటికి కంపెనీ నుంచి మార్చే వీలున్నది ముందు చక్రాల టో ఒక్కటే. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ ఉంటుంది, టైరాడ్ అంటాం; దాని నట్టు లూజు చేసి తిప్పుతాం, అంతే. వెనక ఒకే బీమ్ మీద చక్రాలుండే బండికి అక్కడ తిప్పడానికి ఏమీ ఉండదు.

టైరును తినేసేది ముఖ్యంగా ఈ టోనే. ఒక్కో చక్రానికి పావు డిగ్రీ తేడా ఉందనుకోండి. లెక్కగడితే కిలోమీటరు పోయేలోపు ఆ టైరు నాలుగు మీటర్లకు పైగా పక్కకు రాసుకుపోయినట్టు. కంటికి కనిపించదు, స్టీరింగ్‌లో తెలియకపోవచ్చు. చేతికి మాత్రం తెలుస్తుంది. బండి ఆపి, టైరు చల్లారాక, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, అరచేతిని టైరు ముఖం (రోడ్డుకు ఆనే భాగం) మీద అడ్డంగా లోపలి అంచు నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి జరపండి. ఒక దిశలో జరిపితే నున్నగా, ఎదురు దిశలో జరిపితే గరుకుగా రంపం పళ్లలా తగిలితే టో తప్పింది. రెండు దిశల్లోనూ ఒకేలా తగిలితే ఇంకా ఏమీ కాలేదు. నడి మధ్యలో అరిగితే గాలి ఎక్కువైంది, రెండు అంచులూ అరిగితే తక్కువైంది. వీటికి అలైన్‌మెంట్ మందు కాదు.

లోపలి అంచు ఒక్కటే నున్నగా అయిందంటే క్యాంబర్ అనుమానించాలి. క్యాంబర్ ఊరికే మారదు. గుంతలో పడి స్ట్రట్ (చక్రం పైన షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు భాగం) గానీ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చెయ్యి) గానీ వంగి ఉండాలి, లేదా కీళ్లలోని రబ్బరు బుష్‌లు పోయి ఉండాలి. ఆ పార్టు మార్చకుండా, స్ట్రట్‌ను పనిముట్టు పెట్టి వంచి "క్యాంబర్ సరిచేశాం" అనే చోట్లు ఉన్నాయి. దయచేసి ఒప్పుకోకండి. ఒకసారి వంగిన ఇనుమును మళ్లీ వంచి దాని మీద పిల్లాపాపలను కూర్చోబెట్టుకుని పోవాలా?

దేవరకొండ_టీచరమ్మ:
నా అనుభవం చెప్తాను. 80 దాటితే స్టీరింగ్ వణికేది. ఒక షాపులో వరుసగా అలైన్‌మెంట్ చేస్తూనే పోయారు, డబ్బులు తీసుకుంటూనే ఉన్నారు, వణుకు తగ్గలేదు. ఇంకొక చోట చక్రం విప్పి తిప్పి చూస్తే రిమ్ము వంకర. అప్పుడు తెలిసింది ఇది అలైన్‌మెంట్ సంగతి కాదని. మా ఆడవాళ్లు ఒంటరిగా పోతే "అన్నీ చేయించుకోండి మేడం" అనడం మరీ ఎక్కువ. ఏది దేనికో కాస్త వివరంగా చెప్పండి అన్నయ్యా.

మిర్యాలగూడ_టైర్లపని:
మీరు చెప్పింది సరిగ్గా అదేనమ్మా. ఒక వేగంలో వణుకు వస్తే బ్యాలెన్సింగ్, లేదా రిమ్ము. బండి ఒక పక్కకు లాగినా, నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ వంకరగా ఉన్నా అలైన్‌మెంట్ చూడాలి. ఒక పక్కకు లాగితే ముందు రెండు పక్కలా గాలి సమానంగా ఉందో లేదో చూసుకోండి. నీళ్లు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా వేస్తారు కాబట్టి ఎడమకు కొద్దిగా జారడం మామూలే. గట్టిగా లాగితే, టైర్లు ఒకే దిశలో తిరగాల్సిన రకం కాకపోతే, ముందు రెండింటినీ అటుదిటు మార్చి చూడండి. లాగుడు కూడా అవతలి పక్కకు మారితే తప్పు టైరుది.

పాలమూరు_ట్యాక్సీ:
అన్నా, నీ మాటలన్నీ నిజమే. కానీ పొద్దున ఐదింటికి ఎయిర్‌పోర్ట్ ట్రిప్పుకు బయల్దేరేవాడు అరచెయ్యి పెట్టి చూస్తాడా? చెయ్యికి రంపంలా తగిలిందంటే అప్పటికే రబ్బరు పోయింది కదా. లెక్క పెట్టుకుంటే మర్చిపోం. అందుకే 5,000.

మిర్యాలగూడ_టైర్లపని:
ఈ మాట ఒప్పుకుంటాను. గతుకుల్లో రోజూ తిరిగే బండికి మెషీన్ ఎక్కించి చూడటం మంచిదే. నా పట్టింపంతా చూడటం వేరు, తిప్పడం వేరు అన్నదాని మీదే. ముందు టైరాడ్ ఎండ్ (టైరాడ్ చివరి కీలు), బాల్ జాయింట్ (చక్రం తిరిగే గుండు కీలు) ఊగుతున్నాయేమో జాకీ ఎత్తి చూడాలి. అవి లూజుగా ఉంటే ఈ రోజు పెట్టిన సెట్టింగ్ రేపటికి ఉండదు. తర్వాత "ముందు" రీడింగ్, అంటే సెట్టింగ్ మార్చకముందు తీసిన కొలత, ప్రింట్ అడగండి. పచ్చలో ఉంటే, అంటే పరిమితి లోపలే ఉంటే, నట్టు ముట్టుకోవద్దని చెప్పండి. ప్రింట్‌లో డిగ్రీ, నిమిషాలు గమనించాలి. 0°15' అంటే పావు డిగ్రీ, 0.15 అంటే అంతకన్నా తక్కువ. రెండూ ఒకటి కావు.

దీనికన్నా పెద్ద సంగతి గాలి. ఎండాకాలంలో మన నల్లగొండ వేడి తెలిసిందే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 32 పీఎస్‌ఐ గాలి పెట్టిన టైరు మధ్యాహ్నం హైవే మీద నడిచాక 36, 37 చూపించడం మామూలు. అది చూసి కొందరు గాలి వదిలిస్తారు. మర్నాడు పొద్దున అది 27, 28కి దిగుతుంది. అలా మెత్తబడిన టైరు ఫుల్ లోడుతో, మండే తారు మీద, పక్కలు మడత పడుతూ లోపల కాలుతుంది. బరస్ట్ అయ్యేది అలాగే. డ్రైవర్ డోరు దగ్గర అంటించిన స్టిక్కర్‌లో ఎంతుందో అంతే, అదీ బండి చల్లగా ఉన్నప్పుడే. టైరు పక్కన అచ్చు వేసి ఉండేది గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి కొట్టించకండి.

నల్లగొండ_క్లాక్‌టవర్:
ఇప్పుడే చెయ్యి పెట్టి చూశాను అన్నా. కుడి ముందు టైరు గరుకుగా తగిలింది, మిగతావి బాగున్నాయి. ప్రింట్ అడిగి, చూపించాకే చేయమంటాను. టైర్ల వయసు ఎలా చూడాలి?

మిర్యాలగూడ_టైర్లపని:
టైరు పక్కన డాట్ (DOT) అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడి లోపల చిన్న గట్లు కనిపిస్తాయి, రబ్బరు వాటి మట్టానికి వస్తే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, మార్చేయాలి. రెండే కొత్తవి వేస్తే వెనక వేయించండి. వానలో వెనక జారితే బండిని నిలబెట్టడం కష్టం.

పాలమూరు_ట్యాక్సీ:
కొత్తవి వెనకనా? ముందు చక్రాలే కదా లాగేది, స్టీరింగ్ కూడా వాటికే. ఇది నేను ఒప్పుకోను అన్నా, దీని మీద వేరే చర్చ పెట్టు. అలైన్‌మెంట్ సంగతి మాత్రం ఇలా: 5,000కు మెషీన్ మీద చూపిస్తాను, ప్రింట్ ఎర్రగా వస్తేనే నట్టు తిప్పనిస్తాను.