స్టెర్లింగ్ ఇంజిన్ బల్ల మీద తిరుగుతోంది, కారుకి బిగిస్తే ఆగిపోతోంది

బాబిన్_కేస్, తెనాలి:
మాది కుట్టుమిషన్ల రిపేరు కొట్టు. మావాడు తొమ్మిదో తరగతి. సైన్స్ ఫేర్‌కి వేడిగాలితో నడిచే కారు చేస్తానని కూర్చున్నాడు. మొదలుపెట్టింది వాడు, నిద్ర పట్టంది నాకు.

టెస్ట్ ట్యూబులో గిన్నెలు తోమే స్టీలు పీచు చుట్టి డిస్‌ప్లేసర్ (లోపలి గాలిని వేడి కొసకీ చల్లటి కొసకీ అటూ ఇటూ నెట్టేది) చేశాం, దానికి సైకిలు చువ్వ. ఉబ్బిన గాలి తోస్తే కదిలే పవర్ పిస్టన్‌కి 5 ఎం.ఎల్. గాజు సిరంజి. ముందుకీ వెనక్కీ కదలికని తిరుగుడుగా మార్చే రెండు క్రాంకుల మధ్య 90 డిగ్రీలు. కింద స్పిరిట్ దీపం. వేలితో ఒక్క తోపు తోస్తే టకటకా తిరుగుతోంది. ఫోన్‌లో స్లో మోషన్ తీసి లెక్కపెడితే నిమిషానికి 300 చుట్లు. రబ్బరు బ్యాండు వెనక ఇరుసుకి తగిలించానో లేదో, రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. చక్రాలు సీడీలు. ఇంజిన్ దగ్గరా ఇరుసు దగ్గరా కప్పీలుగా ఒకే సైజు బాబిన్లు వేశా. ఇంకోటి, బల్ల మీద కూడా మూడు నాలుగు నిమిషాలకే నీరసపడుతోంది. సిరంజికి మిషను నూనె వేసి చూశా, లాభం లేదు.

లేత్_బాబాయ్:
అయ్యో, నూనె వేశారా! మిషనుకి మందే గానీ గాజు సిరంజికి అదే జబ్బు. అంత సన్నటి సందులో నూనె జిగురులా పట్టేస్తుంది. స్పిరిట్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కావాలంటే పెన్సిల్ ములుకు గీకిన పొడి చిటికెడు రాయండి. తర్వాత సిరంజిని నిలువుగా పట్టుకుంటే ప్లంజర్ తన బరువుకే జారాలి, మూతి వేలితో మూస్తే ఆగిపోవాలి. రెండూ జరిగితేనే బిగించండి. చువ్వ దూరే చోట సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో కూడా చూడండి.

పాత_ఫిట్టర్:
అసలు తప్పు కప్పీల దగ్గరుంది. సీడీ వ్యాసం 12 సెం.మీ., చుట్టుకొలత దాదాపు 38. నిమిషానికి 300 అంటే సెకనుకి 5 చుట్లు, అంటే 190 సెం.మీ.! మనిషి నడక కంటే ఎక్కువ వేగం అడుగుతున్నారు ఆ బక్కప్రాణిని.

తొక్కుడు మిషను గుర్తు తెచ్చుకోండి. కింద పెద్ద చక్రం, పైన చిన్నది, అందుకే వేగం. మీకు దాని తిరగేత కావాలి. ఇంజిన్ వైపు 6 మి.మీ. కడ్డీ, ఇరుసుకి 36 మి.మీ. మూత పెట్టండి. సెకనుకి 32 సెం.మీ. పోతుంది, తోసే బలం ఆరింతలవుతుంది (రాపిడి తన వాటా తీసుకుంటుందనుకోండి). బ్యాండు జారకుండా ఉంటే చాలు. మరీ లాగి కడితే ఇరుసు గొట్టానికి ఒరుసుకుని ఉన్న బలం కాస్తా తినేస్తుంది.

చలివేంద్రం:
నీరసానికి కారణం చల్లటి కొస వేడెక్కడం. 1816లో రాబర్ట్ స్టెర్లింగ్ అనే స్కాట్లాండ్ పాస్టరు పేటెంటు తీసుకున్న నాటి నుంచీ దీని గొడవంతా ఇదే, రెండు కొసల వేడికీ ఎంత తేడా ఉంటే అంత పని. వేడి వైపు 300 డిగ్రీలు, చల్లటి వైపు 40 ఉంటే ఇచ్చిన వేడిని పనిగా మార్చడంలో అత్యుత్తమ ఇంజిన్‌కైనా 45 శాతమే హద్దు. చల్లటి వైపు 120కి చేరితే అది 31కి పడిపోతుంది. ట్యూబు మూతి వైపు తడిగుడ్డ చుట్టండి. మంట తగిలే గాజు మీదకి మాత్రం చుక్క నీరు జారకూడదు, ఠప్పున పగులుతుంది. పట్టపగలు స్పిరిట్ మంట సరిగా కనబడదు, పిల్లాణ్ణి చెయ్యి పెట్టనివ్వకండి.

బాబిన్_కేస్, తెనాలి:
ఆ ముక్క ఒక రోజు ముందు చెప్పాల్సింది, నా బొటనవేలు అప్పటికే చూసుకుంది.

సిరంజి కడిగాను, ప్లంజర్ ఇప్పుడు నీళ్లలా జారుతోంది. ఇరుసుకి మందుసీసా మూత వేశాం, కొలిస్తే 34 వచ్చింది. పాత జాకెట్టు లైనింగు ముక్క తడిపి చుట్టాం. నిన్న రాత్రి వరండా ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా, చీమలా వెళ్లింది. మావాడు పక్కనే మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాడు. గోడకి కొట్టుకుని ఆగాక, వెనక్కెలా నడపాలి నాన్నా అన్నాడు. బ్యాండుని 8 అంకెలా మెలితిప్పి తగిలించమన్నా, పొద్దున చూస్తాం.