అజేలియా మొగ్గలు రాలుతున్నాయి, చిగుళ్లు పసుపు. ఏం చేయాలి?

ప్రశ్న
హైదరాబాద్, 6 అంగుళాల కుండీ. నర్సరీ నుంచి తెచ్చి 4 వారాలు, హాల్లో ఫ్యాన్ కింద ఉంది. మొగ్గలు విచ్చుకోకుండానే గోధుమరంగుకి తిరిగి రాలుతున్నాయి. కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. రోజూ గ్లాసుడు బోరు నీళ్లు పోస్తున్నాం, గుడ్డు పెంకుల పొడి కూడా వేశాం. ఇంట్లో ఉంచాలా, బాల్కనీలోనా?

జవాబు 1
ఆ పసుపు ఇనుము లోపమండీ. మట్టిలో లేక కాదు, మొక్కకి అందక. అజేలియాకి పుల్లటి (ఆమ్ల) మట్టి కావాలి, పీహెచ్ 4.5–5.5 (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). బోరు నీళ్లలోని బైకార్బనేట్లు, పెంకుల సున్నం ఆ పీహెచ్‌ని పెంచేస్తాయి. ఆ పొడిని పైపైన తీసేయండి, తవ్వొద్దు. వేర్లు వెంట్రుకల్లా సన్నగా, పైపొరలోనే ఉంటాయి. వాన నీళ్లో ఆర్వో నీళ్లో పోయండి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో ఉప్పులు ఎక్కువ. లీటరు నీళ్లలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 2 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అర గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లండి, పూల మీద పడనివ్వకండి. 10 రోజులకోసారి, మూడుసార్లు. పాత ఆకులు కాదు, కొత్త చిగురు రంగు చూడండి.

జవాబు 2
మొగ్గల సంగతి వేరు. కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటే లోపల వేరుముద్ద ఎండిపోయినట్టే. కుండీలో మట్టికి బదులు వాడే పీట్ (కుళ్లిన నాచు) ఒకసారి బాగా ఎండితే నీళ్లు పీల్చదు. మీరు పోసిన గ్లాసుడూ కుండీ అంచు వెంట జారి కింద చిల్లులోంచి పోతుంది. బకెట్ నీళ్లలో కుండీని అంచుదాకా ముంచండి. 20–30 నిమిషాల్లో బుడగలు ఆగుతాయి. తీసి పూర్తిగా వార్చండి, సాసర్లో నీళ్లు నిలిస్తే వేర్లు కుళ్లుతాయి.

ఫ్యాన్ కింద నుంచి ఈరోజే తీసేయండి. పొద్దుటి ఎండ రెండు గంటలు తగిలే తూర్పు బాల్కనీ మేలు. పొడిగాలికి ఎర్రనల్లి అనే సన్న పురుగు కూడా వస్తుంది, ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారాలు ఉన్నాయేమో చూడండి. పిల్లులు, కుక్కలు ఉంటే అందనివ్వకండి, ఆకులు విషం.

ప్రశ్న అడిగినవారు
ఎత్తి చూశాను, నిజంగానే తేలిగ్గా ఉంది. మళ్లీ ఏడాది పూస్తుందా?

జవాబు 3
పూలు అయిపోగానే కొమ్మల చివర్లు కత్తిరించండి. ఆలస్యమైతే వచ్చే ఏడాది మొగ్గలే కోసేసినట్టు. కుండీ మార్చాలన్నా అప్పుడే, ఒక్క సైజు పెద్దది చాలు. మొగ్గ బాగా విచ్చుకోవాలంటే 10 డిగ్రీల లోపు చలి కొన్ని వారాలు కావాలి. ఊటీలో దొరికే ఆ చలి హైదరాబాద్‌లో దొరకదు, అందుకే పూలు పలచగా రావచ్చు. డిసెంబరు, జనవరి రాత్రులు బయటే ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో పూర్తి నీడలోకి మార్చండి.