ట్రోపోనిన్ రిపోర్టులో ఆడవాళ్లకు వేరే కటాఫ్ వేయాలా?

ల్యాబ్‌బెంచ్ (ప్రశ్న):
అబాట్ ఆర్కిటెక్ట్ మెషిన్ మీద హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ ఐ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పరీక్ష మొదలుపెడుతున్నాం. కిట్ కాగితంలో ఆడవాళ్లకు 16, మగవాళ్లకు 34, అందరికీ కలిపి 26 అని ఉంది, లీటరుకు నానోగ్రాముల్లో. సాఫ్ట్‌వేర్‌లో ఒకే రేంజ్ పెడితే పని తేలిక. కానీ 54 ఏళ్ల ఆమెకు 22 వచ్చిందనుకోండి, ఒక పద్ధతిలో నార్మల్, ఇంకో పద్ధతిలో హై. ఏది అచ్చు వేయాలి? ఈ తేడా ట్రోపోనిన్‌కేనా, ఈసీజీలోనూ ఉందా?

బయోకెమ్:
రెండు రేంజ్‌లూ పెట్టండి. ఈ అంకెలు ఆరోగ్యవంతుల రక్తంలో 99వ పర్సెంటైల్ దగ్గర, అంటే నూటికి 99 మంది లోపే ఉండే చోట, గీసిన గీతలు. ఆడవాళ్ల ఎడమ జఠరిక (గుండె ఎడమ కింది గది) బరువు తక్కువ, అందుకే మామూలుగా బయటికొచ్చే ట్రోపోనిన్ కూడా తక్కువ. మగవాళ్ల గీతతో కొలిస్తే ఆ 22 కనబడకుండా పోతుంది.

అయితే "హై" అంటే గుండెపోటు అని కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో నెలల తరబడి 22 దగ్గరే కదలకుండా ఉండొచ్చు. 3 గంటల తర్వాత రెండో శాంపిల్ తీయించండి. మొదటిదే గీత దాటి ఉంటే, రెండోది 20 శాతానికి మించి పెరిగినా తగ్గినా అది గుండె కండరానికి కొత్తగా తగిలిన దెబ్బ. యూనిట్లు కూడా జాగ్రత్త. పాత రిపోర్టుల్లో మిల్లీలీటరుకు నానోగ్రాములు రాసేవాళ్లు, అందులో ఈ 22 అంటే 0.022. పాత పద్ధతికి అలవాటుపడ్డవాళ్లు 22 చూసి హడలిపోతారు, లేదా 0.022 చూసి పక్కన పడేస్తారు. ఇంకోటి, ఈ గీతలు మీ కిట్‌కే. ట్రోపోనిన్ టి (ఇంకో రకం ట్రోపోనిన్) మెషిన్ ఉన్న ల్యాబ్ రిపోర్టుతో పోల్చొద్దు.

నైట్‌క్యాజువాల్టీ:
ఈసీజీలోనూ ఉందండీ. గుండెపోటు అనుకోవాలంటే ఛాతీ మీది వీ2, వీ3 లీడ్లలో ఎస్టీ (గుండెపోటులో పైకి లేచే గీత భాగం) ఎత్తు మగవాళ్లకు 40 దాటితే 2 మిల్లీమీటర్లు, 40 లోపైతే 2.5 ఉండాలి. ఆడవాళ్లకు ఏ వయసైనా 1.5 చాలు. మిగతా లీడ్లలో ఇద్దరికీ 1. క్యూటీసీ (గుండె కొట్టుకున్నాక విద్యుత్తు మళ్లీ సర్దుకునే సమయం) మగవాళ్లకు 450 మిల్లీసెకన్లు దాటితే, ఆడవాళ్లకు 460 దాటితే ఎక్కువ. అయినా మందుల వల్ల వచ్చే టోర్సాడ్స్ (ప్రాణాంతకంగా లయ తప్పడం) ఆడవాళ్లలోనే ఎక్కువ, కాబట్టి వాంతులని ఆన్‌డాన్‌సెట్రాన్ ఎక్కించే ముందు ఒకసారి ఈసీజీ చూసుకోవాలి.

అసలు పోయేది లీడ్లు అంటించే చోటే. మొహమాటంతో వీ1, వీ2లను పైకి, కాలర్ ఎముక దగ్గరికి జరిపేస్తారు. అప్పుడు ఈసీజీలో పైకి లేచే ఆర్ అల సరిగా ఎదగదు, ఎప్పుడో ముందుగోడకు గుండెపోటు వచ్చి పోయినట్టు కనబడుతుంది. నాలుగో పక్కటెముకల సందు వేలితో లెక్కపెట్టి అంటించాలి. వీ4 నుంచి వీ6 దాకా రొమ్మును పైకి ఎత్తి, దాని కింద. ఒక ఆడ స్టాఫ్, ఒక దుప్పటి ఉంటే రెండు నిమిషాల పని.

"ఆడవాళ్లకు గుండెపోటులో నొప్పి ఉండదు" అన్న ప్రచారం మాత్రం అతి. వాళ్లకూ ఛాతీ బరువే మొదటి లక్షణం. దానితోపాటు దవడ, రెక్కల మధ్య వీపు, ఆయాసం, వికారం, చెమటలు మగవాళ్లకంటే ఎక్కువ చెబుతారు. మనం వికారం ఒక్కటే విని గ్యాస్ అని పాంటోప్రజోల్ (ఆమ్లం తగ్గించే మందు) పెడతాం. దానితో తగ్గినంత మాత్రాన గుండె కాదని తేలినట్టు కాదు. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ, నొప్పి పోకపోతే 15-30 నిమిషాలకు మళ్లీ. గుండె ముప్పు పెంచేవి కూడా అడగండి: కాన్పుల్లో బీపీ, గుర్రపువాతం (గర్భిణికి బీపీతో ఫిట్స్), గర్భంతో ఉన్నప్పుడు షుగర్, 40 లోపే నెలసరి ఆగిపోవడం, ఇవి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

గుండె నాళంలో గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ మోతాదు బరువును బట్టే. 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, 60-69కి 35, 70-79కి 40. 52 కిలోల మనిషికి 40 మిల్లీగ్రాముల వయల్ మొత్తం ఎక్కించేస్తే మెదడులో రక్తస్రావానికి దారి తీసినట్టే.

క్యాథ్‌రూమ్:
తర్వాతి గండం యాంజియో దగ్గర. ట్రోపోనిన్ పెరిగింది, యాంజియోలో 50 శాతం మించిన అడ్డంకి ఎక్కడా లేదు. ఇది ఆడవాళ్లలో ఎక్కువ. "రక్తనాళాలు బాగున్నాయి, భయం లేదు" అని ఏ మందూ లేకుండా ఇంటికి పంపేస్తారు. కారణం వెతకాలి. సన్నని నాళాల జబ్బా? నెలసరి ఆగినవాళ్లలో పెద్ద దిగులు వెంటనే గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే టకొట్సుబోనా? అది ఎకోలో (గుండె స్కాన్‌లో) గుండె కొన బుంగలా ఉబ్బి కనబడుతుంది. తేలకపోతే కార్డియాక్ ఎంఆర్ఐ.

35 ఏళ్ల బాలింత ఛాతీనొప్పితో వస్తే ముందు గుండె రక్తనాళం గోడ దానంతటదే చీలిందేమో అనుకోవాలి. అక్కడ బెలూను, స్టెంటు పెట్టబోతే చీలిక ఇంకా సాగుతుంది. రక్తప్రవాహం ఉండి, రోగి నిలకడగా ఉంటే ముట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండడమే మేలు, చాలావరకు కొన్ని వారాల్లో మానుతుంది. అదే బాలింతకు నొప్పి లేకుండా ఆయాసం ఉంటే ఎకో తీయండి. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో కొట్టుకు గుండె బయటికి పంపే రక్తం వంతు) 45 శాతం కంటే తక్కువ వస్తే కాన్పు చుట్టూ వచ్చే గుండె కండరం జబ్బు, మన దగ్గరైతే రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్‌నూ (రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటం ఇరుకవడం) మరవొద్దు.

రెండోమాట:
గీత మార్చితే పని అయిపోయిందనుకోకండి. స్కాట్లాండ్‌లో 10 ఆసుపత్రుల్లో 48 వేల మందిపై ఇదే పరీక్ష పెట్టి చూశారు. వేరే కటాఫ్‌లతో దెబ్బ తగిలినట్టు తేలినవాళ్లు ఆడవాళ్లలో 42 శాతం పెరిగారు, మగవాళ్లలో 6. కానీ అలా తేలినవాళ్లలో స్టెంటు లేదా బైపాస్ దాకా వెళ్లింది ఆడవాళ్లు 15 శాతం, మగవాళ్లు 34. ఆ తేడా కొంతవరకు సబబే, పైన క్యాథ్‌రూమ్ గారు చెప్పిన జబ్బులకు స్టెంటు పని ఉండదు. కానీ స్టాటిన్లు (కొలెస్ట్రాల్ తగ్గించే మందులు) కూడా ఆడవాళ్లకు తక్కువే రాశారు, దానికి సాకు లేదు.

తేడాలన్నీ ఒకే వైపూ ఉండవు. పొట్టలోని బృహద్ధమని ఉబ్బు మగవాళ్లలోనే చాలా ఎక్కువ. ఆడవాళ్లలో అరుదు, కానీ చిన్న సైజులోనే పగులుతుంది. అందుకే ఆపరేషన్ ఆలోచన వాళ్లకు 5 సెంటీమీటర్ల దగ్గర, మగవాళ్లకు 5.5 దగ్గర.

ల్యాబ్‌బెంచ్:
రెండు రేంజ్‌లే పెడుతున్నాం, కింద "3 గంటలకు మళ్లీ పంపండి" అన్న లైను కూడా. ఒక చిక్కు మిగిలింది. అర్ధరాత్రి రిజిస్ట్రేషన్‌లో ఆడ/మగ గడి ఖాళీగా వదిలేస్తారు, సాఫ్ట్‌వేర్ దాన్ని మగ అనుకుంటుంది.

బయోకెమ్:
ఆ డిఫాల్ట్ తీసేయించండి. గడి ఖాళీ అయితే రెండు గీతలూ అచ్చు వేసి, "హై" అన్న ఫ్లాగ్ వేయకుండా క్యాజువాల్టీకి ఫోన్ చేయండి.