మోడెం బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టాలా, పై రౌటర్‌ని ఏపీ మోడ్‌లో పెట్టాలా?

శ్రీకాకుళం, బలగ. రెండంతస్తుల ఇల్లు. కింద హాల్లో కంపెనీవాళ్ళు బిగించిన ఫైబర్ మోడెం, స్లాబు దాటి సిగ్నల్ రాదు కాబట్టి పైన సొంత రౌటర్. రెండింటికీ 192.168.1.1 అడ్రసే ఉండటంతో సెట్టింగుల పేజీ తెరుచుకునేది కాదు. పై రౌటర్‌ని 192.168.0.1కి మార్చాక నెట్ వచ్చింది గానీ ఇప్పుడు డబుల్ నాట్, అంటే ఇంట్లోని అడ్రస్‌లని బయటి అడ్రస్‌గా మార్చే పని (నాట్) మోడెం, రౌటర్ రెండూ చేస్తున్నాయి. బ్రిడ్జ్ మోడ్ అంటే మోడెం ఆ పనిని పై రౌటర్‌కి వదిలేయడం; ఏపీ మోడ్ అంటే పై రౌటర్ ఆ పని మానేసి వైఫై మాత్రమే ఇవ్వడం.

సీసీ కెమెరాని బయటినుంచి చూడాలి. మోడెం వ్యాన్ అడ్రస్ (బయటి వైపు అడ్రస్) 100.72తో మొదలవుతోంది. అది నెట్ కంపెనీల లోపలి వాడకానికి కేటాయించిన 100.64 నుంచి 100.127 లోపలిదే, అంటే కంపెనీ దగ్గరా ఇంకో నాట్ ఉన్నట్టే. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చే కనెక్షన్‌ని కెమెరాకి మళ్ళించడం) దండగ కదా? స్టాటిక్ ఐపీ (మారని సొంత అడ్రస్) కొనకుండా ఐపీవీ6 (కొత్త తరం అడ్రస్ పద్ధతి) మీద వీపీఎన్‌తో (ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) ఎవరైనా నడుపుతున్నారా?

అడ్మిన్ పాస్‌వర్డ్‌లు మార్చేశాను, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే పద్ధతి) ఆపేశాను. వైఫై భద్రతకి కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే కెమెరా కనెక్ట్ కావట్లేదు, అందుకే దాన్ని పాత డబ్ల్యూపీఏ2తో గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టాను. వైఫై పేరు దాచడం మీద నాకు నమ్మకం లేదు.

ఏపీ మోడ్‌కి మారిస్తే చాలా రౌటర్లలో గెస్ట్‌కి, ఇంటి నెట్‌వర్క్‌కి మధ్య అడ్డు పోతుంది. బ్రిడ్జ్ అయితే పీపీపీఓఈ (నెట్ కనెక్షన్ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ (లైన్‌లో నెట్ ట్రాఫిక్‌ని గుర్తించే నంబర్) కంపెనీని అడిగి తీసుకోవాలి. మోడెం వెనక ఫోన్ పోర్ట్‌లో ల్యాండ్‌లైన్ ఉంది. బ్రిడ్జ్ చేశాక అది మోగుతుందా? చేసినవాళ్ళు చెప్పండి.