నాన్నకి 67, ఇప్పుడు హామ్ రేడియో పరీక్ష రాయొచ్చా?

గోదారిపిల్ల:
నాన్న కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. నా చిన్నప్పుడు రాత్రి భోజనాలయ్యాక డాబా మీద నవారు మంచం, పక్కన షార్ట్‌వేవ్ రేడియో, ముల్లు వెంట్రుకవాసి జరుపుతూ ఏదో దేశం కోసం వెతుకుతూ కూర్చునేవారు. సొంత రేడియో సెట్‌తో దూరాలవాళ్ళతో సరదాగా మాట్లాడుకునే హాముల కోసం 2005లో శ్రీహరికోట నుంచి హామ్‌శాట్ అనే ఉపగ్రహం వెళ్లినప్పటి పేపర్ కటింగ్ ఇంకా బీరువాలో ఉంది. హామ్ లైసెన్సు తీసుకోవాలని ఎప్పట్నుంచో కోరిక, మా చదువులు, పెళ్ళిళ్ళతో కుదర్లేదు. ఇప్పుడేమో "ఈ వయసులో ఆ చుక్కలూ గీతల మోర్స్ కోడ్ నాకు ఎక్కుతుందా" అంటూ ఆయనే వెనకాడుతున్నారు. ఉండేది కాకినాడలో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. కుదిరే పనేనా?

రాగితీగ:
అమ్మా, నిక్షేపంగా రాయొచ్చు. కనీసం 12 ఏళ్ళు నిండాలి, అంతే. లైసెన్సుల్లో చిన్నదైన రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ అక్కర్లేదు, రేడియో థియరీ, రూల్సు చదివితే చాలు, కరెంటు పని చేసిన మనిషికి అందులో సగం వచ్చినట్టే. పెద్దదైన జనరల్ గ్రేడుకి మాత్రం నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ రావాలి.

నేను మోర్స్ మొదలుపెట్టింది 41వ ఏట. చుక్కలూ గీతలూ కాగితం మీద రాసుకుని రెండు నెలలు బట్టీ పట్టాను, ఒక్క ముక్క ఎక్కలేదు. ఒక పెద్దాయన ఆ కాగితం లాక్కుని, కళ్ళతో కాదు, చెవితో నేర్చుకో అన్నారు. గీతకి పొడుగ్గా డా, చుక్కకి పొట్టిగా డి. ఎవరైనా ఉన్నారా అని పిలిచే "సీక్యూ" అంటే డా-డి-డా-డిట్, డా-డా-డి-డా. తొడ మీద తాళం వేసుకుంటూ వింటుంటే కొన్నాళ్ళకి అది ఎవరో పిలిచినట్టే వినిపిస్తుంది. ఏళ్ళ తరబడి గరగరలోంచి మాటలు ఏరుకున్న మీ నాన్నగారి చెవికి ఇదో లెక్క కాదు.

నా మొదటి కాంటాక్ట్ 7 మెగాహెర్ట్జ్ మీద, తెల్లవారుజామున. అరగంట పిలిచాను, ఎవరూ పలకలేదు. ఇక సెట్ కట్టేద్దామనుకుంటుంటే సన్నగా శ్రీలంక నుంచి ఒకాయన నా కాల్ సైన్, అంటే లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు అక్షరాలు, తిరిగి చదివారు. చేతులు వణికి, లాగ్ బుక్కులో టైము కూడా సరిగ్గా రాయలేకపోయాను. ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో మనకి ముందే తెలుసు. ఇక్కడ ఎవరు పలుకుతారో తెలీదు, రేడియో తరంగాల్ని కిందికి తిప్పి పంపే పైన అయనోస్ఫియర్ పొర కూడా ఒప్పుకోవాలి, అందుకే ఇన్నేళ్ళయినా నాకు మొహం మొత్తలేదు.

డాబామీదతీగ:
యాంటెనా గురించి బెంగ వద్దండీ. 40 మీటర్ల బ్యాండుకి, అంటే ఆ 7 మెగాహెర్ట్జ్‌కే, డైపోల్ అంటే మొత్తం 20 మీటర్ల రాగితీగ, అటు పది, ఇటు పది. వాటర్ ట్యాంకు దగ్గర పైపు నిలబెట్టి రెండు వైపులా ఏటవాలుగా దింపితే కింద నుంచి కనబడదు కూడా. అసోసియేషన్ వాళ్ళకి ముందే చూపించి ఒప్పించుకోండి. మబ్బు పట్టిందంటే కేబుల్ పీకేయాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

లైసెన్సు చేతికి రాకుండా ట్రాన్స్‌మిట్ చేయకూడదు, సెట్ కొనడానికీ తొందరపడొద్దు. సోల్డరింగ్ అలవాటుంటే తర్వాత సొంతంగా కట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉండే అష్హర్ ఫర్హాన్ 2003లో బిట్ఎక్స్ అనే సెట్ డిజైన్ చేసి అందరికీ ఇచ్చేశారు. తీగ చుట్టే టొరాయిడ్ రింగులు దొరక్కపోతే కుళాయి వాషర్ల మీద తీగ చుట్టుకోవచ్చన్నారు, నాకు ఆయన మీద గౌరవం అక్కడే పెరిగింది.

ఉప్పుగాలి:
అక్కా, నాన్నగారికి హామ్ భారతీ ప్రసాద్ గారి గురించి చెప్పండి. 2004 డిసెంబరులో అండమాన్ నుంచి ప్రపంచ హాములతో మాట్లాడదామని పోర్ట్ బ్లెయిర్ వెళ్ళారు. 26న సునామీ వచ్చింది. ఆ పని ఆపేసి, అదే సెట్‌తో అక్కడివాళ్ళ క్షేమసమాచారాలు బయటికి పంపుతూ కూర్చున్నారు. నేను పరీక్షకి కట్టింది అది చదివాకే.

గోదారిపిల్ల:
అందరివీ పైకి చదివి వినిపించాను. పొద్దుట్నుంచీ స్టీలు గ్లాసు మీద గోటితో డా-డి-డా-డిట్ కొడుతూనే ఉన్నారు, అమ్మ రెండుసార్లు కేకేసింది కూడా. జనరలే రాస్తారట. అప్పుడే టేపు పట్టుకుని పైకెళ్ళి కొలిచారు, ట్యాంకు నుంచి మా బాల్కనీకి 18 మీటర్లు. యాంటెనా నుంచి సెట్‌కి ఏ కేబుల్ తీసుకోమంటారని అడుగుతున్నారు.

డాబామీదతీగ:
ఆర్‌జీ-58 అనే సన్న కోయాక్స్ కేబుల్ చాలు. 20 మీటర్లు తీసుకోమనండి, వంపులకి పోతుంది.