నైట్ డ్యూటీ కాల్స్‌ని ఫోన్‌లో ఎలా నెట్టుకొస్తున్నారు?

లంక కుర్రాడు (మెడిసిన్ పీజీ):
కోనసీమ వైపు ఆసుపత్రి. రాత్రిపూట మూడు వార్డులకీ నేనొక్కడినే. ఒకరిని చూస్తుండగానే ఫోన్ నాలుగుసార్లు మోగుతుంది. ఒకటి సెలైన్ సూది ఊడిందని, ఒకటి జ్వరం మాత్ర రాయమని, ఇంకోటి బీపీ పడిపోతోందని. అన్నిటికీ ఒకటే రింగ్‌టోన్! వాట్సాప్ గ్రూపు పెట్టుకుందామా?

తెల్లకోటు కాదు (స్టాఫ్ నర్సు):
వద్దండి. నాట్ల రోజుల్లో రక్తపింజర కాటు కేసు వచ్చింది. గాజు ట్యూబులో 20 నిమిషాలు ఉంచినా రక్తం గడ్డకట్టలేదని, అంటే విషం ఎక్కిందని, గ్రూపులో పెట్టాను. దాని కింద వరసగా పుట్టినరోజు శుభాకాంక్షలు, కేకు బొమ్మలు. డాక్టరు గారు చూసేసరికి పావుగంట అయింది. ఫోనే చేయాల్సింది, తప్పు నాదే. అంతకుముందు చిన్నవాటికి చేస్తే విసుక్కున్నారని జంకాను.

భీమవరం టు బర్మింగ్‌హామ్:
ఇక్కడ ఇంగ్లండ్‌లో పేజర్ (నంబరు చూపించి మోగే చిన్న పెట్టె) బాధ ఉండేది. అది మోగగానే ల్యాండ్‌లైన్ వెతుక్కుని తిరిగి చేస్తే అవతల లైన్ బిజీ. 2021 చివరికల్లా పేజర్లు ఆపేయమని ప్రభుత్వం 2019లో చెప్పింది. అప్పటికి ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) సుమారు 1,30,000 ఉండేవి. నేను పనిచేసిన చోట నర్సు పనిని యాప్‌లో పెడితే, రాత్రి కోఆర్డినేటర్ ఎవరి చేతిలో ఎంత పనుందో చూసి పంచేవారు. సూది పని డాక్టరు దాకా వచ్చేదే కాదు. గుండె ఆగితే మాత్రం యాప్ లేదు గీప్ లేదు, నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరు 2222కి ఫోనే.

లంక కుర్రాడు:
కోఆర్డినేటరా! మాకు రెండో డాక్టరే లేడు సార్.

గట్టు మీద గుడిసె (అనస్తీషియా):
మేం అందరం చూడగలిగే ఒక షీట్ పెట్టుకున్నాం. బెడ్ నంబరు, ఏం కావాలి, ఎంత తొందర, ఎప్పుడు రాశారు. పేషెంటు పేరు రాయం. బాగా తొందరైన ఎర్ర రంగు కేసుకి ఫోన్ తప్పనిసరి, మిగతావి నేనే గంటకోసారి చూసుకుంటాను. నెల తర్వాత టైములు చూస్తే నవ్వొచ్చింది. అర్ధరాత్రి కాల్స్‌లో చాలావరకు సాయంత్రం ఆర్డరు రాయకుండా వదిలేసిన సెలైన్లు, నొప్పి మందులే. రాత్రి 9కి సిస్టర్‌తో కలిసి ఒక రౌండు వేస్తున్నా. ఫోన్లు తగ్గాయి.

తెల్లకోటు కాదు:
బాగానే ఉంది గానీ టైప్ చేసేదెవరండి? బీపీ పుస్తకంలో ఒకసారి, షీట్‌లో ఒకసారి. 40 పడకలకు ఇద్దరం. తుపానుకి నెట్ పోతే?

గట్టు మీద గుడిసె:
న్యాయమే సిస్టర్. బీపీ పుస్తకంలోనే ఉంచి, షీట్‌లో ఒక్క ముక్క రాయమన్నాం. నెట్ పోతే గోడ మీద బోర్డు, చాక్‌పీసు, ఆయ్!

లంక కుర్రాడు:
మీలాగే షీట్ వారం పెట్టి చూశాను. ఎర్రవి తప్ప మోగడం లేదు, పర్వాలేదు. ఏకబిగిన డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదని పీజీ డాక్టర్ల కోసం కేంద్రం పెట్టిన 1992 రెసిడెన్సీ స్కీమ్‌లో ఉందిగా, మా కాల్స్ షీట్ ప్రింటు తీసి పైవాళ్లని రెండో డాక్టర్ని అడిగాం. ‘చూద్దాం’ అన్నారు.