ఐటీ మూడో ఏడాదికి ట్రాక్: డేటా, సైబర్, ఈఆర్‌పీ... ఏది రాయాలి?

నరసన్నపేట_అమ్మాయి
అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. బీటెక్ ఐటీ రెండో ఏడాది అయిపోవస్తోంది. మూడో ఏడాది నుంచి ఎలక్టివ్‌లన్నీ ఒకే ట్రాక్‌లో తీసుకోవాలట. డేటా అనలిటిక్స్, సైబర్ సెక్యూరిటీ, ఎంటర్‌ప్రైజ్ సిస్టమ్స్ అంటే ఈఆర్‌పీ (కంపెనీ కొనుగోళ్లు, సరుకు, లెక్కలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడపడం), ఈ మూడే ఇచ్చారు. వచ్చే శనివారంలోగా ఫారం ఇచ్చేయాలి. క్లాసులో చాలామంది డేటా అంటున్నారు. నాకు డీబీఎంఎస్, అంటే డేటాబేస్ సబ్జెక్ట్ చాలా ఇష్టం. కోడింగ్ పరవాలేదు. నెట్‌వర్క్స్ ఏదో గట్టెక్కాను. నాన్న రైస్ మిల్లులో గుమస్తా. "ఏది తీసుకుంటే ఉజ్జోగం వస్తాదో అదే రాసీమ్మా" అంటారు. అడుగుదామంటే మా ఇంట్లో, ఊళ్లో ఈ చదువు చదివినవాళ్లు లేరు. వారం నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.

కోట_జంక్షన్
చెల్లెమ్మా, నేను విజయనగరంలో చదివాను, ఆరేళ్లుగా వైజాగ్‌లో డేటా అనలిస్ట్‌ని. డేటా అనగానే అందరికీ మోడల్స్, రంగురంగుల చార్టులు కళ్ల ముందుకొస్తాయి. నా రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. ఒకసారి ఉత్తరాంధ్ర డీలర్ల అమ్మకాల రిపోర్ట్ చేస్తే, 2022లో శ్రీకాకుళం జిల్లా అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయినట్టు వచ్చింది. పాపం, అక్కడి సేల్స్ అతన్ని ఫోన్లో నిలదీశారు కూడా. రెండు రోజులు కూర్చుని వెతికితే తేలిందేమిటంటే, అమ్మకాలు పడలేదు, జిల్లాలు మారాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి కదా. మా పాత ఫైల్లో పాత జిల్లా, కొత్త ఫైల్లో కొత్త జిల్లా ఉన్నాయి. పైగా ఒకే ఊరు ఒకచోట ఆమదాలవలస, ఒకచోట ఆముదాలవలస, ఇంకోచోట రైల్వే స్టేషన్ పేరుతో శ్రీకాకుళం రోడ్. మూడూ ఒకటేనని కంప్యూటర్‌కి తెలీదు. ఈ ప్రాంతం వాణ్ని కాబట్టి నాకు తెలిసింది.

ఇలాంటి తప్పు దొరికినప్పుడు నీకు ప్రాణం లేచొచ్చినట్టుంటే డేటా తీసుకో. విసుగొస్తే మాత్రం వద్దు, ఎందుకంటే రోజూ ఇదే పని. స్టాటిస్టిక్స్ కూడా గట్టిగా చదవాలి. ఎంటెక్ ఆలోచన ఉంటే, దాని ప్రవేశ పరీక్ష గేట్‌లో డేటా సైన్స్, ఏఐకి 2024 నుంచి విడిగా పేపర్ ఉంది.

రాజాం_అక్క
నేను సైబర్‌లో ఉన్నాను. మొదటి ఉద్యోగం సాక్‌లో, అంటే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో. స్క్రీన్ మీద అలర్ట్‌లు వరసగా పడుతూనే ఉంటాయి. ఏ ఐపీ (కంప్యూటర్ నెట్ అడ్రస్) నుంచి వచ్చింది, ఎవరి లాగిన్, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు తప్పింది, అన్నీ చూసి నిజమో కాదో తేల్చాలి. చాలావాటిలో ఏమీ ఉండదు. అయినా రాత్రి మూడింటికి వచ్చినదాన్ని కూడా మొదటిదానంత శ్రద్ధగానే చూడాలి. ఒక రోజు ఒక అకౌంటెంట్ లాగిన్ హైదరాబాద్‌లో కనిపించింది, ఇరవై నిమిషాలకి అదే లాగిన్ వేరే దేశం నుంచి. అది పట్టుకున్న రోజు తెల్లారగానే మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆ సంతోషం నాకింకా గుర్తుంది.

పనికి లోటు లేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోగా కంపెనీలు వాళ్లకి తెలియజేయాలి, లాగ్‌లు, అంటే సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు దాచాలి. దానికి మనుషులు కావాలి కదా. కానీ తల్లీ, నెట్‌వర్క్స్ గట్టెక్కాను అన్నావు చూడు, నా భయం అక్కడే. వెబ్‌సైట్ పేరుని ఐపీగా మార్చే డీఎన్‌ఎస్ ఎలా పనిచేస్తుందో తెలియకుండా సైబర్‌లోకి రావడమంటే ఈత రాకుండా వంశధారలో దిగడమే.

ఇంకో మాట. నేను చదివిన కాలేజీలో ఈ సబ్జెక్ట్ చెప్పే సార్ సెమిస్టర్ మధ్యలో వెళ్లిపోయారు. మిగతాదంతా పీపీటీలు చదివి వినిపించారు. ల్యాబ్‌లో ఒక్క ప్యాకెట్ కూడా పట్టి చూడలేదు. నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లని పట్టి చూపించే వైర్‌షార్క్ నేను ఇంట్లో, మా వైఫై మీదే నేర్చుకున్నాను. ట్రాక్ పేరు చూసేముందు ఎవరు చెబుతారో, ల్యాబ్ నిజంగా నడుస్తుందో లేదో సీనియర్లని అడుగు.

పలాస_కుర్రోడు
నేను కాస్త వేరుగా చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. క్యాంపస్‌కి వచ్చే సర్వీస్ కంపెనీల్లో నన్ను ఎవరూ ట్రాక్ అడగలేదు. ఆప్టిట్యూడ్, కోడింగ్, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో జాయిన్స్ (టేబుళ్లు కలపడం), ప్రాజెక్ట్. అంతే. నేను చదివింది సైబర్, చేరాక వేసింది టెస్టింగ్‌లో. మూడేళ్ల తర్వాత నేనే క్లౌడ్‌కి మారాను. 160 క్రెడిట్లలో ట్రాక్ సబ్జెక్టులు ఎన్నని? దీనికోసం నిద్ర పాడుచేసుకోవద్దు చెల్లీ.

రాజాం_అక్క
సర్వీస్ కంపెనీల వరకు నువ్వన్నది నిజమే తమ్ముడూ. కానీ ఫైనలియర్ ప్రాజెక్ట్ పుట్టేది ట్రాక్ నుంచే కదా. నా ఇంటర్వ్యూలో సగంసేపు దాని మీదే అడిగారు. ఇష్టం లేని సబ్జెక్ట్‌లో చేసిన ప్రాజెక్ట్ గురించి అంతసేపు మాట్లాడలేం.

గంటస్తంభం
ఈఆర్‌పీ సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నాను. మాది విజయనగరం. డిగ్రీ అయ్యాక రెండేళ్లు జూట్ మిల్లు స్టోర్స్‌లో చేశాను. తర్వాత ఎస్‌ఏపీ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో ఎంఎం మాడ్యూల్, అంటే కొనుగోళ్లు, సరుకు చూసే భాగం, తొమ్మిదేళ్లయింది. నాకు అన్నం పెట్టింది ఆ స్టోర్స్‌లో గడిపిన రెండేళ్లే. కొనుగోలు ఆర్డరు, సరుకు దిగినప్పుడు రాసే రసీదు, అమ్మినవాళ్ల బిల్లు. ఈ మూడూ సరిపోతేనే డబ్బు కదలాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఆర్డరు వంద బస్తాలకి ఇచ్చి, తొంభై ఆరే దిగి, బిల్లు మాత్రం వందకి వస్తే ఏం చేయాలి? ఎవరు ఆపాలి, ఎవరు సంతకం పెట్టాలి? సిస్టమ్‌లో అదంతా అమర్చడమే మా పని. కోడింగ్ తక్కువ. గోడౌన్ మనిషితో, అకౌంట్స్ మనిషితో ఓపిగ్గా మాట్లాడటం ఎక్కువ.

ఎస్‌ఏపీ పాత వెర్షన్ ఈసీసీకి మామూలు సపోర్ట్ 2027 చివరి వరకే. కంపెనీలు కొత్త వెర్షన్ ఎస్/4హానాకి మారుతున్నాయి కాబట్టి పని ఉంది. కానీ ఫ్రెషర్లని నేరుగా తీసుకునేది తక్కువ. ట్రైనీగా చేరో, నాలాగా స్టోర్స్, అకౌంట్స్ నుంచో రావాలి. ఇక్కడే పిల్లలు మోసపోతున్నారు. నేను హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి 45 వేలు కట్టాను. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్నారు. నెల తిరక్కుండా సర్వర్ యాక్సెస్ ఆగిపోయింది, ఫోన్ ఎత్తడం మానేశారు. అది నాన్న కౌలు డబ్బు. దయచేసి ఎవరికీ ముందే మొత్తం కట్టవద్దు.

నరసన్నపేట_అమ్మాయి
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రాజాం అక్కా, సైబర్‌లో నైట్ షిఫ్ట్ తప్పదా? ఇంట్లో అదే అడుగుతున్నారు.

రాజాం_అక్క
సాక్‌లో మొదట్లో చాలావరకు ఉంటుంది. నాకు రెండేళ్లు ఉంది, క్యాబ్ ఇచ్చారు. ఆడిట్, కంప్లయన్స్ వైపు వెళ్తే పగటి పనే. ఇంట్లో దాచకుండా ముందే చెప్పు.

నాగావళి
అమ్మా, నేను పదిహేనేళ్లుగా డేటాబేస్ పాఠాలు చెబుతున్నాను. మీ ఇంట్లోనే ఒక సిస్టమ్ ఉంది కదా, నాన్నగారి మిల్లు. ఒక పూట ఆయన పక్కన కూర్చో. ధాన్యం లారీ గేటు దగ్గరికి వచ్చిన దగ్గర్నుంచి బియ్యం బయటికి వెళ్లేదాకా ఎక్కడ ఏ కాగితం పుడుతుందో, ఎవరి చేతికి వెళ్తుందో గీయి. ధాన్యం లారీతో వచ్చే ట్రక్ షీట్, కాటా చీటీ, తేమ 17 శాతం దాటిందా లేదా, క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం లెక్క, అన్నీ రాయి. రాస్తున్నప్పుడు నీ మనసు దేని దగ్గర ఆగుతుందో చూసుకో. ఏ ఊరి ధాన్యంలో ఏటేటా తేమ ఎక్కువ వస్తోంది అనిపిస్తే నీది డేటా. ఈ అంకె ఎవరైనా దిద్దితే ఎలా తెలుస్తుంది అనిపిస్తే సైబర్. ఇన్నిచోట్ల ఎందుకు రాస్తున్నారు, ఎక్కడ ఆగిపోతోంది అనిపిస్తే ఈఆర్‌పీ. నా క్లాసులో కిరాణా కొట్టు, చేపల రేవు, ఏదైనా తెమ్మంటాను. పిల్లలు తమంతట తామే ఎటో ఒకవైపు తిరగడం ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను.

నరసన్నపేట_అమ్మాయి
నాగావళి సార్, మీరు చెప్పినట్టే ఆదివారం కూర్చున్నాను. సీజన్ కాదు కాబట్టి లారీలు లేవు. నాన్న యజమానిని అడిగి పోయిన సీజన్ రిజిస్టర్ ఇంటికి తెచ్చారు. ప్రతి పేజీకీ కాటా చీటీలు పిన్ను కొట్టి ఉన్నాయి, కొన్నింటి మీద అంకెలు వెలిసిపోయాయి. ఒకే లారీ బరువు ట్రక్ షీట్‌లో, చీటీ మీద, రిజిస్టర్‌లో, మళ్లీ మిల్లు కంప్యూటర్‌లో, మొత్తం నాలుగుచోట్ల ఉంది. ఒక పేజీలో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటే ఏమిటని అడిగాను. చీటీ మీది 1ని 7గా చదివారట. అది ఎక్కడ జరిగిందో వెతికి ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండయిందట. ఆ రాత్రి నాకు గుర్తుంది, అమ్మ అన్నం మూత పెట్టి వాకిట్లో కూర్చుంది.

చార్టు మీద అంతా గీసి చూపిస్తే నాన్న కళ్లజోడు పెట్టుకుని చూసి, "దింపీసిన తరవాత ఖాళీ లారీని ఇంకోపాలి తూస్తారు కదమ్మా, అదేది?" అన్నారు. నిజమే, ఆ గడి మర్చిపోయాను. నా చదువులో నాన్న తప్పు దిద్దడం ఇదే మొదటిసారి. ఇద్దరం కలిసి మళ్లీ గీశాం, టైమే తెలీలేదు.

మొదటి ప్రాధాన్యం ఎంటర్‌ప్రైజ్ సిస్టమ్స్, రెండోది డేటా అని రాశాను. చెప్పే మేడం బాగా చెబుతారని సీనియర్లు అన్నారు. ఒక్కటే ఇబ్బంది, ఇరవై మంది ఉంటేనే ఆ బ్యాచ్ నడుపుతామని ఆఫీసులో చెప్పారు. ఇప్పటికి పదమూడు మందిమి ఉన్నాం. రేపు ఆ చార్టు క్లాసుకి తీసుకెళ్తున్నాను.